ఎడమ అర, కుడి అర

ఫోర్ట్ వేన్‌లో శనివారం.
నా బల్ల మీద ఓ ఇత్తడి గంట ఉంటుంది,
కొడితే పలుకుతాను.
ఎడమ అరలో చుట్టంచూపుగా వచ్చినవాళ్ళ కాగితాలు:
నున్నగా, రంగులుగా,
జూలో జిరాఫీ నాలుక, నది మీద పడవ,
ఎండ ఉన్న రోజే తీసిన ఊరు.
కుడి అరలో కాపురం ఉన్నవాళ్ళవి:
బూడిదరంగు, ఒకటే మడత,
రాలిన ఆకులు ఏ వారం ఎత్తుకెళ్తారో,
నీళ్ళ బిల్లు కట్టలేకపోతే ఎవరితో మాట్లాడాలో,
రోడ్డు మీద చచ్చిన జింకను ఎవరు తీస్తారో.

జింకలు రెండు అరల్లోనూ ఉన్నాయి.
ఎడమవైపువి నిలబడి ఉంటాయి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు మావైపు.
ఇక్కడ అందరూ అడుగుతారు.
బాత్రూం తాళం అడుగుతారు. గొడుగు అడుగుతారు.
మూడు నదులు కలిసేచోటు ఏదని అడిగి,
చూసొచ్చి, "ఇంతేనా?" అంటారు
నేనేదో తక్కువ తూచినట్టు.
ఇంతే.
సెయింట్ మేరీస్, సెయింట్ జోసెఫ్ వచ్చి కలిసి
పేరు మార్చుకుని మామీగా వెళ్ళిపోతాయి.
ఆ పేరు పలికినప్పుడల్లా నాకు
చిన్నప్పటి పక్కింటి తమిళావిడ గుర్తొచ్చి నవ్వొస్తుంది.
అది ఏ కాగితంలోనూ లేదు.

గోడ మీద పెద్ద పటం.
"మీరు ఇక్కడ ఉన్నారు" అన్న ఎర్రచుక్క
వేళ్ళు పెట్టీ పెట్టీ అరిగిపోయింది.
ఊళ్ళో ప్రతి సందూ స్పష్టంగా ఉంది,
మనం నిలబడ్డచోటే తెల్లగా.
కొత్తది కావాలని రెండుసార్లు రాశాను.
బడ్జెట్ అన్నారు.

వెర్నా క్లైన్‌ష్మిట్ ఏటా ఏప్రిల్‌లో వస్తుంది.
ఎనభైరెండు వరదలో ఇసుక బస్తాలు మోసిన మనిషి,
అప్పటి నడుంనొప్పిని ఇంకా పెంచుకుంటోంది.
ఎడమ అరలో ఒక్కో కాగితం తీసుకుంటుంది.
చుట్టాలొస్తున్నారా అంటే,
"లేదమ్మా, ఈ ఊరి గురించి
మంచిగా రాసింది చదవాలనిపిస్తుంది" అంటుంది.

మధ్యాహ్నం ఒకతను.
చేతిలో లోపలిదంతా కనిపించే ప్లాస్టిక్ సంచి,
బెల్టు, ఒక జత బూట్లు, ఒక ఉత్తరం.
పదకొండేళ్ళ తర్వాత బయటికొచ్చానన్నాడు, నేనడగలేదు.
ఓడెల్ ప్రూయిట్. పుట్టింది ఇక్కడే.
గుర్తింపు కార్డు ఎక్కడిస్తారన్నాడు.
కుడి అరలోంచి తీసిచ్చాను. నిలబడే చదివాడు.
చిరునామాకి రెండు రుజువులు తెమ్మంటుంది కాగితం.
గది అద్దెకిచ్చేవాడు ముందు కార్డు చూపించమంటాడు.
పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు,
పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు
అన్నది ఇంగ్లీషులో చెప్పబోయి మధ్యలో మానేశాను.

"మరి నేనెటువైపు?" అన్నాడు అరల వంక చూస్తూ.
గంట కొట్టకుండా అడిగాడు,
నా దగ్గర పలుకు లేదు.

బస్సుల కాగితం మీద ఎనిమిదో నంబరుకి సున్నా చుట్టాను.
షెల్టర్‌లో పడక దొరికితే
వాళ్ళే ఉత్తరం రాసిస్తారు, అదొక రుజువు,
రెండోదాని సంగతి తర్వాత చూద్దాం అన్నాను.
చూద్దాం అని ఎందుకన్నానో.
సోమవారం నుంచి శుక్రవారం దాకా నేనిక్కడ ఉండను.

వెళ్తూ వెళ్తూ పటం దగ్గర ఆగాడు.
తెల్లమచ్చ మీద వేలు పెట్టి, తూర్పుకి జరిపి,
నది దాటించి,
ఇప్పుడు పార్కింగ్ అయిపోయిన ఏదో వీధి మీద ఉంచాడు.
చాలాసేపే ఉంచాడు.
తర్వాత జిరాఫీ కాగితం ఒకటి తీసుకున్నాడు.
"ఇది ఊరికేనా?"
"అన్నీ ఊరికేనే."

ఐదింటికి తలుపేశాను.
ఎనిమిదో నంబరు వెళ్తోంది, అద్దాలకి ఆవిరి పట్టి
లోపల ఎవరున్నదీ తెలియలేదు.
ఇంటికెళ్ళే దారిలో, వంతెన దిగగానే జింక.
కాళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నట్టున్నాయి, ముట్టుకోలేదు.
వారం వారం నేనే పంచే నంబరుకి
మొదటిసారి ఫోన్ చేశాను.
"సరిగ్గా మీరెక్కడున్నారమ్మా?" అంది అవతలి గొంతు.
అటూ ఇటూ చూశాను, వీధి పేరున్న పలక లేదు.
జింక దగ్గర, అన్నాను.